మూడో గడి

(కర్నూలులో న్యాయ విద్యార్థుల సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరం జరపండి నాయనా. ముప్పై ఏళ్ళు కోర్టులో అరిచిన గొంతు ఇది, దానికి మైకు కూడా తోడైతే వెనక వరుసలో వాళ్ళు లేచిపోతారు.

నిర్వాహకులు ఫోన్ చేసి "సైనిక తిరుగుబాటు చేసినవాళ్ళకు క్షమాభిక్ష" అనే విషయం మీద మాట్లాడాలన్నప్పుడు నేను నవ్వాను. మన ఊర్లో మిలిటరీ మనిషి అంటే సెలవు మీద వచ్చి, చెల్లెలి పెళ్ళి చేసి, ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని మళ్ళీ రైలెక్కేవాడు. వాడు ప్రభుత్వాన్ని కూలదోయడమేంది? కానీ ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఈ విషయం మనకు అర్థమైనంతగా ఇంకెవరికీ కాదేమోనని. ఎందుకంటే మనకు రాజీ తెలుసు.

మీలో లా చదివే పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక పట్టికతో మొదలుపెడతాను. ఏ నేరాలు రాజీ పడొచ్చో చట్టంలో ఉంటుంది. క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే పాత సీఆర్పీసీలో 320వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 359. దానికి మూడు గళ్ళు. మొదటి గడిలో నేరం, రెండో గడిలో సెక్షన్ నంబరు, మూడో గడిలో రాజీ పడే హక్కు ఎవరికి ఉందో రాసి ఉంటుంది. పరీక్షకు మొదటి రెండూ బట్టీ కొడతారు. మూడోది ఎవరూ చదవరు. దాన్ని చదవండి. కొట్టిన కేసైతే దెబ్బ తిన్నవాడు. తిట్టిన కేసైతే తిట్టించుకున్నవాడు. ఆ మనిషి చనిపోయి ఉంటే, కోర్టు అనుమతితో అతని వారసులు. ఏ వరుసలోనైనా సరే, కొట్టినవాడి పేరు మూడో గడిలో ఉండదు. ఊరి పెద్దమనుషుల పేరు కూడా ఉండదు. ఇక హత్య అయితే అసలు ఆ పట్టికలోనే లేదు.

లేకపోయినా హత్య కేసుల్లో రాజీలు ఎట్లా జరిగేవో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒక కేసు చెప్తాను. ఊరి పేరు వద్దు, పార్టీల పేర్లు అసలే వద్దు. నేనప్పుడు ముద్దాయిల తరఫు వకీలు దగ్గర జూనియర్‌ని. అవును, ముద్దాయిల తరఫే. ఎ1 నుంచి ఎ9 దాకా తొమ్మిది మంది. ముందు నాటుబాంబు వేసి, ఆ పొగలో వేటకొడవళ్ళతో దిగారని కేసు. చనిపోయినవాడి భార్య మిద్దె మీద ఉండి చూసింది. పోలీసులకు తొమ్మిది మంది పేర్లూ, ఎవరి చేతిలో ఏముందో కూడా చెప్పింది.

మూడేళ్ళకు కేసు విచారణకు వచ్చేసరికి రెండు వర్గాల పెద్దలు కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, కొంత పొలం, కొంత డబ్బు చేతులు మారింది. ఆమె బోనెక్కి "పొగలో ఎవరూ కనపడలేదు సార్" అంది. పీపీ గారు, అంటే ప్రభుత్వ వకీలు, సాక్షి ఎదురు తిరిగిందని హోస్టైల్‌గా డిక్లేర్ చేయమన్నారు. పది నిమిషాల్లో అయిపోయింది. బయటికి వచ్చి అందరం కోర్టు ముందున్న హోటల్లో కూర్చున్నాం. అందరం అంటే నిజంగా అందరం, వాళ్ళూ వీళ్ళూ. ఉగ్గాని, బజ్జీ. ఆమె కొడుక్కి ఐదేళ్ళుంటాయి. వాడు ఎ3 పక్కన కూర్చున్నాడు. ఎ3 తన ప్లేట్లో బజ్జీ తుంచి, ఊది, వాడి నోట్లో పెట్టాడు. వాడు తిన్నాడు. పిల్లోడికేం తెలుసు. ఆమె మాత్రం టీ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది గాని తాగలేదు. బిల్లు ఎ1 కట్టాడు. మేం లేచేటప్పుడు ఆమె నా వైపు చూసి, నల్లకోటు చూసే అనుకుంటా, "నన్ను ఎవరూ అడగలేదు సార్" అంది.

ఆ మాట పక్కన పెట్టి ఇప్పుడు సైన్యాల దగ్గరికి పోదాం.

పార్డన్ వేరు, ఆమ్నెస్టీ వేరు. మన రాష్ట్రపతి 72వ అధికరణం కింద ఇచ్చేది పార్డన్. విచారణ జరిగింది, శిక్ష పడింది, తర్వాత దయ చూపారు. నేరం మాత్రం రికార్డులో ఉంటుంది. ఆమ్నెస్టీ అయితే విచారణే ఉండదు. కేసు పుట్టకముందే చంపేస్తారు. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థమే మరుపు. మతిమరుపును డాక్టర్లు అమ్నీషియా అంటారే, అదీ ఇదీ ఒకే మూలం నుంచి వచ్చాయి. తెలుగు పత్రికలు రెండింటినీ క్షమాభిక్ష అనే రాస్తాయి, అక్కడే గందరగోళం మొదలవుతుంది.

సైనిక కుట్రలో ఇంకో చిక్కుంది. ఓడిపోతే అది రాజద్రోహం, గెలిస్తే అదే ప్రభుత్వం. మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారు. ముప్పై ఏళ్ళు! ఆయన ఓడాడు కాబట్టి. గెలిచినవాడికి తలారి ఎక్కడ దొరుకుతాడు? తలారి జీతం ఇచ్చేదే వాడైనప్పుడు? ఇది నా చమత్కారం కాదు, దక్షిణ కొరియా ప్రాసిక్యూటర్లు 1995లో దాదాపు ఇదే మాట అన్నారు. 1979 డిసెంబరులో సైన్యాన్ని చేజిక్కించుకుని, 1980 మేలో గ్వాంగ్జూలో జనం మీద కాల్పులు జరిపించిన జనరల్ చున్ దూ హ్వాన్ మీద కేసు పెట్టమంటే, విజయవంతమైన కుట్రను శిక్షించలేం అని ఫైలు మూసేశారు. జనం రోడ్ల మీదికి వచ్చాక ఆ ఏడాది ఆఖరున ప్రత్యేక చట్టం తెచ్చి మళ్ళీ తెరిచారు. 1996లో మరణశిక్ష, అప్పీలులో యావజ్జీవం, 1997 డిసెంబరులో క్షమాభిక్ష. ఆ క్షమాభిక్షకు ఒప్పుకున్నవారిలో కిమ్ దే జుంగ్ ఉన్నారు. అప్పుడే అధ్యక్షుడిగా ఎన్నికైన ఆ మనిషికి, 1980లో చున్ ప్రభుత్వమే మరణశిక్ష వేయించింది. అంటే మూడో గడిలో ఉండాల్సిన ఒక పేరు అక్కడ నిజంగానే ఉంది. అయితే గ్వాంగ్జూలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల సంతకం ఆ కాగితం మీద లేదు. చున్ 2021లో చనిపోయాడు, వాళ్ళకు ఒక్క క్షమాపణ మాట చెప్పకుండానే.

పాకిస్తాన్ సంగతి వకీళ్ళు వినాలి. అక్కడ కుట్రదారు క్షమాభిక్ష అడగకముందే జడ్జీలు పని పూర్తి చేశారు. అవసర సిద్ధాంతం అని ఒకటి పట్టుకుని, జనరల్ వచ్చినప్పుడు ఒకటికి రెండుసార్లు "తప్పలేదు, కాబట్టి ఒప్పే" అన్నారు. అధికారం లాక్కున్న జనరల్ ముషారఫ్‌కు 2000లో సుప్రీంకోర్టు మూడేళ్ళ గడువిచ్చింది, రాజ్యాంగం సవరించుకునే వీలుతో సహా. అదే ముషారఫ్‌కు, 2007లో రాజ్యాంగాన్ని పక్కన పెట్టి ఎమర్జెన్సీ విధించినందుకు, 2019లో ప్రత్యేక కోర్టు మరణశిక్ష వేసింది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో పోయాడు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. పోయినవాడికి ఉరి! [నవ్వులు] నవ్వకండి. రికార్డు సరిచేయడం కూడా కోర్టు పనే.

బంగ్లాదేశ్ దగ్గర కొంచెం ఆగుతాను. 1975 ఆగస్టు 15 తెల్లవారుజామున, మన దగ్గర జెండా పండుగకు పిల్లలు స్నానాలు చేసే వేళకు, ఢాకా ధన్‌మండిలోని ఇంట్లో అధ్యక్షుడు షేక్ ముజీబ్‌ను, ఆయన భార్యను, కొడుకులను, కోడళ్ళను సైన్యాధికారులు కాల్చేశారు. చిన్న కొడుకు రస్సెల్‌కు పదేళ్ళు. ఆరు వారాలకు, సెప్టెంబరు 26న, ఇండెమ్నిటీ ఆర్డినెన్స్ వచ్చింది. ఆ ఉదయం జరిగిన దాని మీద ఏ కోర్టులోనూ ఎవరిమీదా కేసు నడవకూడదు, అంతే. 1979లో దాన్ని రాజ్యాంగ సవరణతో గట్టిపరిచారు. చంపినవాళ్ళలో కొందరికి విదేశాల్లోని ఎంబసీల్లో ఉద్యోగాలిచ్చారు. ఒక్క క్షణం ఆలోచించండి, హంతకుడు దేశం తరఫున కోటు వేసుకుని విందుల్లో చేతులు కలుపుతున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు అట్లాగే గడిచాయి. 1996 అక్టోబరులో ముజీబ్ దగ్గర పనిచేసిన పర్సనల్ అసిస్టెంట్ పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఇచ్చాడు. నవంబరులో పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌ను రద్దు చేసింది. 2010 జనవరి 28న ఐదుగురిని ఉరితీశారు.

నాకు ఉరి మీద ఇష్టం లేదు, ఇక్కడున్న చాలామందికి ఆ సంగతి తెలుసు. నేను చూపిస్తున్నది వేరే. మరుపును చట్టంగా రాసినా ఎవరూ మరవలేదు. పైగా ఆ చట్టం వల్ల పగ ఒక పార్టీ ఆస్తిగా మారింది. తండ్రిని పోగొట్టుకున్న కూతురు షేక్ హసీనా ప్రధాని అయింది, చివరికి 2024 ఆగస్టులో దేశం వదిలి పోయింది, 2025 నవంబరులో ఆమెకే మరణశిక్ష పడింది. మన ఫ్యాక్షన్ ఊర్లలో తాత కేసు మనవడి కాలంలో ఎట్లా తిరిగొస్తుందో తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనపడదు.

ఇప్పుడు చిలీ. ఇక్కడ నేను ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే వకీళ్ళ తెలివి ఒక్కసారైనా మంచి పనికి వచ్చిన చోటు ఇది.

1973 సెప్టెంబరు 11న జనరల్ పినోచే అధికారం లాక్కున్నాడు. 1978 ఏప్రిల్‌లో 2191 నంబరు డిక్రీ తెచ్చాడు. 1973 సెప్టెంబరు 11 నుంచి 1978 మార్చి 10 దాకా జరిగిన నేరాలకు ఆమ్నెస్టీ. తేదీలు చూడండి, కుట్ర జరిగిన రోజు నుంచే మొదలు. మన పట్టిక భాషలో చెప్పాలంటే మొదటి గడిలో నేరం వాడిదే, మూడో గడిలో పేరూ వాడిదే.

కలామా అని ఉత్తర చిలీలో గనుల ఊరు. అటకామా ఎడారిలో ఉంటుంది. మన అనంతపురం మెట్ట భూములు దాని ముందు మాగాణి. ఆ ఊర్లో 1973 అక్టోబరులో ఇరవై ఆరుగురు మగవాళ్ళను సైన్యం కాల్చి, ఎడారిలో ఎక్కడో పాతిపెట్టింది. ఎక్కడో చెప్పలేదు. వాళ్ళ భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు పారలు పట్టుకుని తవ్వడం మొదలుపెట్టారు. వారం కాదు, నెల కాదు, పదిహేడేళ్ళు. 1990లో ఒక చోట గుంత దొరికింది. అందులో శవాలు లేవు. ఎముక ముక్కలు, పళ్ళు మాత్రం దొరికాయి. అంతకుముందే సైన్యం యంత్రాలతో తవ్వి శవాలను ఎత్తుకుపోయింది. గడ్డపారతో తవ్వుతున్న ఆడవాళ్ళంటే కూడా తుపాకీ ఉన్నవాడికి అంత భయం.

శవాన్ని దాచినవాడు తెలివైనవాణ్ణని అనుకున్నాడు. అయితే చిలీ వకీళ్ళు అడిగిన ప్రశ్న వినండి. సైనికులు వచ్చి మనిషిని పట్టుకుపోయారు, అది కిడ్నాప్. కిడ్నాప్ ఎప్పుడు ముగుస్తుంది? మనిషి తిరిగొస్తే ముగుస్తుంది, లేదా చనిపోయాడని రుజువైతే ముగుస్తుంది. మనిషీ రాలేదు, శవమూ దొరకలేదు. అంటే ఆ నేరం 1978 మార్చి 10తో ఆగలేదు, ఈ రోజు కూడా జరుగుతూనే ఉంది. ఆమ్నెస్టీ మార్చి 10 దాకే కదా? 1999లో చిలీ సుప్రీంకోర్టు ఈ వాదనకు తలూపింది. చంపామని ఒప్పుకుని, ఎక్కడ పాతారో చూపిస్తే ఆమ్నెస్టీ గొడుగు కింద నిలబడొచ్చు. దాచినంత కాలం ముద్దాయే. నేను ఇది మొదటిసారి చదివిన రోజు లేచి గదిలో రెండు రౌండ్లు తిరిగాను. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో నాకు ఇంత అందమైన పాయింటు ఒక్కటి తట్టలేదు.

పినోచే మాత్రం తప్పించుకున్నాడు. 1998 అక్టోబరులో లండన్‌లో అరెస్టై, 2000 మార్చిలో ఆరోగ్యం బాగోలేదని ఇంటికి చేరి, 2006లో ఏ శిక్షా పడకుండా పోయాడు. అతని రహస్య పోలీసు అధిపతి కోంట్రెరాస్ 2015లో చనిపోయేనాటికి పడిన శిక్షలన్నీ కూడితే ఐదు వందల ఏళ్ళకు పైమాటే.

"సార్, ఇదంతా బాగుంది, కానీ క్షమించకపోతే వాళ్ళు కుర్చీ దిగుతారా?" మూడో వరుసలో బాబు చేయెత్తి ఈ ప్రశ్నే అడగబోతున్నాడని నాకు తెలుసు. [నవ్వులు] న్యాయమైన ప్రశ్న. తుపాకీ పట్టుకుని ఇంట్లో కూర్చున్నవాడికి బయటికి దారి వదలకపోతే, వాడు లోపలున్నవాళ్ళను చంపుతాడు. ఇది చిన్న విషయం కాదు. అర్జెంటీనాలో 1976లో వచ్చిన సైనిక పాలకులు, 1983 అక్టోబరు ఎన్నికలకు నెల ముందు తమకు తామే ఆమ్నెస్టీ రాసుకున్నారు. గెలిచిన అల్ఫోన్సిన్ వచ్చిన నెలలోనే అది రద్దయింది. 1985లో తొమ్మిది మంది అధిపతులను సివిల్ కోర్టులో నిలబెట్టారు, వాళ్ళలో మొదటి అధిపతి విదేలాకు యావజ్జీవం పడింది. అంతటితో కథ అయిపోతే నేను కూడా చప్పట్లు కొట్టేవాణ్ణి. 1987 ఈస్టర్‌కు సైనికాధికారులు బ్యారక్‌లలో తిరగబడ్డారు. జూన్‌లో అదే అల్ఫోన్సిన్, పై అధికారి చెప్పింది చేసిన కిందివాళ్ళకు శిక్ష లేదని చట్టం తెచ్చాడు. 1990లో తర్వాతి అధ్యక్షుడు విదేలాను కూడా వదిలేశాడు.

అల్ఫోన్సిన్‌ను పిరికివాడని నేను అనను. ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. అయితే రాజధానిలో ప్లాజా ద మాయో అనే చౌకులో, మాయమైన పిల్లల తల్లులు తలకు తెల్ల గుడ్డ కట్టుకుని ప్రతి గురువారం తిరగడం మానలేదు. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది. విదేలా 2013లో జైల్లోనే పోయాడు. కాబట్టి బాబూ, భయపడి ఇచ్చిన క్షమ అప్పు లాంటిది. ఆ రోజుకు గడిచిపోతుంది, అసలు మాత్రం అట్లాగే ఉంటుంది.

ఇక వదిలేస్తే వాళ్ళు ఊరుకుంటారా అనేది ఎదురు ప్రశ్న. హిట్లర్ 1923 నవంబరులో మ్యూనిక్‌లో తిరుగుబాటు చేసి ఓడాడు. ఐదేళ్ళ శిక్ష వేసి, 1924 డిసెంబరులోనే బయటికి పంపారు. తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. థాయిలాండ్‌లో 1932 నుంచి డజను కుట్రలు గెలిచాయి, వచ్చినవాళ్ళు కొత్త రాజ్యాంగంలో తమకు రక్షణ రాసుకోవడం అక్కడ మామూలైపోయింది. 2014లో జనరల్ ప్రయుత్ కూడా అదే చేశాడు. అక్కడ కుట్ర అంటే నేరం కంటే బదిలీ ఉత్తర్వు లాగా తయారైంది.

ఫిజీ మాట చెప్పకుండా పోలేను, అక్కడ మనవాళ్ళున్నారు. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటలకు పోయిన కూలీల్లో తమిళుల పక్కన తెలుగువాళ్ళూ ఉన్నారు. అగ్రిమెంట్ అనే మాట నోరు తిరగక గిర్మిట్ అన్నారు, గిర్మిటియాలు అయ్యారు. అంతకు చాలా ముందే, కలకత్తా నుంచి మొదటి ఓడ 1879 మే 14న ఫిజీ చేరింది. సరిగ్గా అదే తేదీన, 1987 మే 14న, రబుకా అనే లెఫ్టినెంట్ కల్నల్ పార్లమెంటులోకి సైనికులతో నడిచొచ్చి, నెల కింద గెలిచిన ప్రభుత్వాన్ని కూలదోశాడు. భారత సంతతివాళ్ళు ఎక్కువగా ఉన్న ప్రభుత్వమనే వాళ్ళ కోపం. ఆ తర్వాత వేల కుటుంబాలు దేశం వదిలిపోయాయి. రబుకా మీద కేసు లేదు, ఆయన ప్రధాని కూడా అయ్యాడు. 2022 డిసెంబరులో మళ్ళీ అయ్యాడు. 2023 మే 14న, ఆ తేదీనే, జనం ముందు నిలబడి గిర్మిటియాల వారసులను క్షమాపణ అడిగాడు. ముప్పై ఆరేళ్ళకు. ఆలస్యమైందని నేనూ అంటాను, కానీ మొత్తం ఈ చరిత్రలో ముందు చట్టంతో తప్పించుకుని, తర్వాత మనుషుల ముందుకొచ్చి అడిగినవాళ్ళు ఎంతమంది కనపడతారు? అడిగాడంటేనే, ఇచ్చే హక్కు ఎదుటివాళ్ళదని ఒప్పుకున్నట్టు.

మన పెద్దలు ఈ విషయం ఎప్పుడో తేల్చారు. అశ్వత్థామ రాత్రిపూట గుడారాల్లో దూరి నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. హరికథల్లో విన్నదే. పట్టుకొచ్చారు. భీముడు చంపాలన్నాడు. నిర్ణయం ఎవరు చేశారు? ధర్మరాజు కాదు, ద్రౌపది. వీడి తల్లి కూడా నాలాగా ఏడవకూడదు, వదలండి అంది. మూడో గడిలో ఉన్న మనిషే మాట్లాడింది. అట్లాగని ఊరికే వదల్లేదు, తల మీది మణి కోసుకున్నారు. మణి పోయిన ఆ గుర్తుతో వాడు ఎక్కడికి పోయినా ఎవడో తెలుస్తుంది. తెల్లవాళ్ళ పాలన పోయాక దక్షిణాఫ్రికా పెట్టిన ట్రూత్ కమిషన్ అడిగింది కూడా అలాంటి మణినే: జరిగిందంతా నోరు తెరిచి చెప్పు, అప్పుడు చూద్దాం అన్నారు. ఏడు వేల పైచిలుకు దరఖాస్తులు వస్తే 849 మందికి మాత్రం ఆమ్నెస్టీ ఇచ్చారు. నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికోను చంపిన పోలీసులు నిజం చెప్పలేదని వాళ్ళకు ఇవ్వలేదు.

మనకు ఇవన్నీ దూరమనుకోకండి. మన రాజ్యాంగం 34వ అధికరణం తీసి చూడండి. మార్షల్ లా ఉన్న ప్రాంతంలో ఉద్యోగులు చేసిన పనులకు పార్లమెంటు రక్షణ కల్పించవచ్చని ఉంది. ఇంకొకటి, 1975 ఆగస్టులో, ఎమర్జెన్సీ రోజుల్లో, ప్రధాని మీద జీవితాంతం క్రిమినల్ కేసులు నడవకుండా 41వ సవరణ బిల్లు రాజ్యసభలో పాసైంది. లోక్‌సభ దాకా పోకుండా ఆగింది. సైనికుడు గేటు దగ్గరికి కూడా రాలేదు, తుపాకీ పేలలేదు, అయినా మూడో గడిలో ఎవరి పేరు రాసుకోబోయారో చూడండి.

టైమ్ అయిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం.

ఆ కేసులో తొమ్మిది మందీ నిర్దోషులుగా విడుదలయ్యారు. రెండు నెలల తర్వాత ఆమె ఒక్కతే కోర్టుకు వచ్చింది. నల్లకోట్లలో ఆమెకు మొహం తెలిసినవాణ్ణి నేనే కాబోలు, నేరుగా నా దగ్గరికొచ్చి తీర్పు నకలు కావాలంది. ఇంకేం ఉపయోగం అమ్మా అన్నాను. "ఆయన పేరుంటుంది గదా సార్ అందులో. ఏ తేదీన, ఎక్కడ పోయినాడో ఉంటుంది గదా" అంది. పిల్లోడు చదువుకుంటున్నాడని కూడా చెప్పింది. స్టాంపులకు డబ్బు కొంగులో కట్టుకొచ్చింది, నేను వద్దన్నా ఇచ్చింది. అర్జీ నేనే రాశాను. నకలు రావడానికి నెల పైన పట్టింది.